తలవాకిటి ప్రకటన

మేము కాపురమున్న భవనమున నలువది పైచిలుకు కుటుంబములు గలవు. వారందఱును గలసి ఫోనులో నొక గ్రూపును నడపుకొనుచున్నారు. నీళ్లు వదలు వేళలు, లిఫ్టు మరమ్మతు, చెత్తబండి రాకపోకలు, తప్పిపోయిన పిల్లి, ఎల్ల సంగతులును అందే చర్చింపబడును. గడచిన వేసవిలో నొకనాడు, పల్లెనుండి కుమారుని యింటికి క్రొత్తగా వచ్చిన యొక వృద్ధురాలు ఆ గ్రూపున నిట్లు వ్రాసెను: “బాబూ, రేపు మంచినీళ్లు ఎన్నింటికి వదులుతారు?” కూడబలుకుకొని వ్రాసిన యా చిన్న ప్రశ్నకు నిమిషము లోపల బదులు వచ్చెను: “పైన పిన్ చేశాం కదండీ, చూసుకోండి.” పిమ్మట మఱి యిద్దఱు ఆ మాటనే వేఱు వేఱు విధముల ననిరి. ఒకరు నవ్వు బొమ్మను గూడ జోడించిరి. ఆమె మాఱు పలుకలేదు. మఱునాడు బిందెతో మెట్లకడ నిలుచుండి మమ్మడిగినది: “పైన అంటే ఎక్కడమ్మా, మేడమీదా?”

నవ్వవలసిన మాట యది కాదు. పదిమంది చేరి మాటలాడుకొను నే చర్చావేదికయందైనను క్రొత్త మాట వచ్చినకొలదిని ప్రాత మాట మఱుగున పడిపోవుచుండును. ఏటినీటివలె నట్లు జాఱిపోవు మాటలలో నేదేని యొకదానిని జాఱనీయక, వచ్చినవారి కంటికెల్ల మొదట కనబడునట్లు శిరోభాగమున నిలిపి యుంచుటనే ‘పిన్ను చేయుట’ యందురు. కార్యాలయపు గోడమీది పలకకు కాగితమును సూదితో గ్రుచ్చి యుంచు నలవాటునుండి పుట్టిన పేరది. ఆ యధికారము తఱచుగా వేదికను నడపువారికే యుండును. వారిని కొన్నిచోట్ల మోడరేటర్లనియు, ఫోను గ్రూపులలో అడ్మిన్లనియు పిలుతురు. మన యిండ్లలో మిక్కిలిగా వాడబడు వాట్సాపునకు ఈ సౌకర్యము 2023 డిసెంబరులో వచ్చినది. అచ్చట నిలిపిన ప్రకటన పైభాగమున నొక సన్నని పట్టీగా మాత్రమే కనబడును. దానిని వ్రేలితో తాకినగాని పూర్తి పాఠము దొరకదు. ఈ సంగతి తెలిసినవారికది రెప్పపాటు పని. తెలియనివారికి నిజముగా మేడమీది సంగతియే.

మేమా దినమున నా ప్రకటనను మొదటినుండి తుదివఱకు చదివితిమి. విమర్శకులు కావ్యములను, నవలలను, నాటకములను మాత్రమే తమ దృష్టికి దగినవిగా నెంచుదురు. కాని దినదినమును నలువది యిండ్లవారి కంట బడు రచన యేదని యడిగినచో, అది కావ్యమును గాదు, నవలయును గాదు, ఇట్టి ప్రకటనయే. అంతమంది చదువవలసిన దానిని, చదువుచున్నారని మేము చెప్పము, ఒకమాఱు రచనగా నెంచి పరీక్షించుట తప్పు గాదని తలంచెదము.

అది యిరువదిమూడు నియమముల మాల. అందఱును తప్పక పాటింపవలయునని దాని యారంభము. మొదటి నియమము: ఉదయమున పువ్వుల బొమ్మలతో శుభాకాంక్షలు పంపరాదు. రెండవది: రాజకీయములు చర్చింపరాదు. మూడవది: సరకుల ప్రకటనలు వేయరాదు. ఇట్లు పదునాఱు ‘రాదు’లు వరుసగా నడచిన పిమ్మట, పదునేడవ పంక్తియందు మంచినీటి వేళ గలదు. ఆ వేళయు రెండు వేసవుల క్రిందటిది. నడుమ మోటారు మాఱినది, వేళ మాఱినది, ప్రకటన మాఱలేదు. అనగా నా వృద్ధురాలు పట్టీని తాకి, పాఠమును తెఱచి, పదునాఱు నిషేధములను దాటి, పదునేడవ పంక్తిని పట్టుకొనియున్నను ఆమెకు దొరకునది తప్పు వేళయే! ‘చూసుకోండి’ యనిన మువ్వురిలో నొక్కరైనను ఆ పంక్తిని తాము చూచియుండలేదనుటకు ఇంతకన్న సాక్ష్యము వలదు. దాని క్రింద వ్రాసినవారి పేరు లేదు. వ్రాసిన దినము లేదు. సందేహము గలిగిన నెవ్వరి నడుగవలయునో లేదు.

ఇంకొక విశేషము గలదు. ఆ ప్రకటన భాష తెలుగే. అక్షరములు మాత్రము ఇంగ్లీషువి. ‘నీళ్లు’ అను రెండక్షరముల మాట యందు ఆఱు ఇంగ్లీషు అక్షరములుగా సాగదీయబడియున్నది. తెలుగు మాత్రమే చదువనేర్చినవారికి ఆ యక్షరములు రావు. ఇంగ్లీషు చదివినవారైనను ఒక్కొక్క మాటను నోటితో పలికి, చెవితో విని, అప్పుడు గాని యర్థము చేసికొనలేరు. ఇది యెవ్వరి సౌకర్యమునకు బుట్టిన లిపి? చదువువారి సౌకర్యమునకు గాదు. వ్రాయువారి వ్రేళ్ల సౌకర్యమునకు. నేడు ఫోనులో తెలుగక్షరములను కొట్టుటకును, నోట చెప్పి వ్రాయించుకొనుటకును సాధనములు చేతిలోనే యున్నవి. అక్షరాస్యురాలు కాదని గ్రూపువారు తలంచిన యా ముసలమ్మ తెలుగును తెలుగుగా వ్రాసినది. పట్టభద్రులు వ్రాయలేకపోయిరి.

ఇంత చెప్పి వ్రాసినవారిని నిందించి యూరకుండుట న్యాయము గాదు. అడ్మినుగారిని మేమెఱుగుదుము. జీతము లేని పని. రాత్రి పదునొకండు గంటలకు లిఫ్టు నిలిచిపోయినను వారికే ఫోను వచ్చును. ఒక సాయంకాలము మేము పోయి యడుగగా వారు విసుగు లేక చెప్పిరి: ఒక్కొక్క నియమమునకు వెనుక నొక్కొక్క కలహ మున్నదట. ఉదయపు పువ్వుల బొమ్మల నడుమ నొకరి మరణవార్త యెవ్వరి కంటను బడక పోయినదట. అందుచే మొదటి నియమము. ఎనిమిదవ నియమము, వంకాయకూర పంపిన గిన్నె తిరిగి రాకపోవుటచేత బుట్టినది. పదుమూడవదాని కథ యిచ్చట వ్రాయదగినది కాదు. విన్నకొలదిని మా కొక సంగతి తేటపడినది. మేము ప్రకటన యనుకొన్నది నిజమునకు ఆ భవనపు కలహముల చరిత్ర. వ్రాసినవారికి ప్రతి పంక్తియు నొక జ్ఞాపకము. క్రొత్తగా వచ్చి చదువువారికి ప్రతి పంక్తియు నొక కసురు. తాను చేయని తప్పునకు గుమ్మములోనే మందలింపు వినుచున్నట్లుండును.

ఈ చిక్కు మా భవనముతో బుట్టినది కాదు. కంప్యూటర్లద్వారా పదిమందియు చర్చించుకొను పద్ధతికి తొలి వేదికలలో నొకటియైన యూజ్‌నెట్టు 1979లో అమెరికాయందలి డ్యూక్ విశ్వవిద్యాలయపు విద్యార్థుల తలపున బుట్టి మఱుసటి యేడు నడువసాగెను. అందును క్రొత్తవారు వచ్చి, ప్రాతవారు నూఱుమాఱులు చెప్పిన దానినే మరల నడుగుచుండిరి. 1980 దశకపు తొలి యేండ్లలో నాసాయందు పనిచేయుచుండిన యూజీన్ మియా యనునాతడు, అంతరిక్ష విషయములను గూర్చిన యొక చర్చాసమూహమున, తఱచుగా నడుగబడు ప్రశ్నలకు సమాధానములను గూర్చి మాటిమాటికి ప్రచురించుచు వచ్చెను. నేడు మనము ఎఫ్.ఏ.క్యూ. అని పిలుచుకొను ప్రశ్నోత్తరమాలలకు మూలములలో నది యొకటి. ఇందు గమనింపదగినది ‘మాటిమాటికి’ అను మాట. యూజ్‌నెట్టులో ప్రకటనకు సూది లేదు. నేడు పంపినది కొన్నాళ్లకు మాయమగును. కావున పక్షమున కొకమాఱో నెల కొకమాఱో దానిని మరల పంపవలసియుండెను. పంపునప్పుడు తిరుగ చదువక తప్పదు. చదివిన తప్పు కనబడక మానదు. అట్టి మాలల తలపై కడపట సవరించిన దినమును, సంరక్షకుని పేరును వ్రాయు నాచారము కూడ స్థిరపడినది.

పిదప వెబ్బు వేదికలు వచ్చెను. 2000 సంవత్సరమున వెలువడిన పి.హెచ్.పి.బి.బి. మొదలగు వేదికాసాధనములలో ‘స్టిక్కీ’ యనియు ‘అనౌన్సుమెంటు’ అనియు రెండు విధములుగా ప్రకటనను తలమీద నిలుపు సౌకర్యము గలిగెను. ఒకమాఱు మీట నొక్కిన చాలును. ఏండ్లతరబడి యదియట్లే నిలుచును. శ్రమ తప్పినది. శ్రమతోగూడ తిరిగి చదువుటయు తప్పిపోయినది. మా భవనపు పదునేడవ పంక్తి ప్రాతబడుటకు కారణము అడ్మినుగారి యశ్రద్ధ యని మేము మొదట తలంచితిమి. సగము కారణము సూదిలోనే యున్నది.

సూదికంటె గట్టిది రాయి. రాతిమీద నిలిపిన ప్రకటన మన దేశమున మంచిదొకటి గలదు గనుక, దానిని ఈ ఫోను ప్రకటన ప్రక్కన బెట్టి చూడగోరెదము. చీరాల దాపున సముద్రతీరమున మోటుపల్లి యను గ్రామము గలదు. కాకతీయుల కాలమున నది గొప్ప రేవు. గణపతిదేవ చక్రవర్తి 1244-45 సంవత్సరమున నచ్చట సముద్రవర్తకుల కభయమిచ్చుచు నొక శాసనమును చెక్కించెను. ఆ శిలాస్తంభము వీరభద్రాలయముకడ దొరకినది. వర్తకుడు రేవున దిగినపుడు అతని మనసున నుండు భయమేది? తుపానుచేత ఓడ పగిలి సరకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన, ఆ దేశపు రాజు దానిని తనదిగా లాగికొనునేమో యని. శాసనము సరిగా నా భయముకడనే మొదలుపెట్టి మాటలాడును. పూర్వపు రాజులు అట్లు బలవంతముగా లాగికొనుచుండిరని దాచక యొప్పుకొనును. ప్రాణముకంటె ధనమే మేలని తలంచి సముద్రము దాటి వచ్చు సాహసికుల కష్టము నెఱిగి, దయచేతను, కీర్తిధర్మముల కొఱకును, నిర్ణయించిన సుంకము దక్క తక్కిన దంతయు వారికే విడుచుచున్నామని చెప్పును. ఆ సుంకమెంత? ఎగుమతికిని దిగుమతికిని ముప్పదింట నొక పాలు. ఆమీద గంధము, కర్పూరము, పన్నీరు, ముత్యములు, పగడములు, దంతము, రాగి, పట్టు, మిరియములు, పోకలు, వీనికి వేఱు వేఱుగా నెంతెంతయో లెక్కలు.

దీనిని రచనగా చూడుడు. చదువువాని భయము ముందున్నది. తన పూర్వుల తప్పు నొప్పుకొన్నది. చేసిన యేర్పాటునకు కారణము చెప్పినది. సందేహమునకు తావులేని యంకె నిచ్చినది. చెప్పినవాడెవ్వడో, ఎప్పుడు చెప్పెనో తెలిపినది. ఒక చక్రవర్తి, తన రేవునకు వచ్చిన పరదేశి వర్తకునితో, మా అడ్మినుగారు ఇరుగింటి ముసలమ్మతో మాటలాడినదానికంటె మర్యాదగా మాటలాడెను. శాసనమునందు లోపము లేదనము. అసలు సంగతికి రాకమున్ను కాకతీయ వంశావళి చాల దూరము నడచును. ఎండలో నిలిచిన వర్తకునికి దుర్జయాది రాజుల పేర్లతో పనిలేదు. రాజైనను అడ్మినైనను తన గొప్పను ముందు చెప్పుకొనక మానడేమో. కాని వంశావళి వెనుక విషయమున్నది. విషయము నిజమైనది.

అయినను రాతి ప్రకటనకు నొక యవధి గలదు: చదువురానివాని కది వట్టి రాయి. ఈ సంగతి యశోకుని కాలముననే తెలిసియుండెను. కర్నూలు జిల్లాలో గుత్తికి చేరువనున్న ఎఱ్ఱగుడి కొండరాళ్లమీద అశోకుని శాసనములు గలవు. అందలి చిన్న శాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి యెడమకును, ఎద్దు చేనిలో మళ్లినట్లు, నడచును. చెక్కినవా డేమి తలంచి యట్లు చేసెనో గాని, నిలుచుండి దానిని చదువువాని కన్నులకు ఎంత పరీక్షయో యూహింపవచ్చును! కాని యా శాసనమే తన్ను చూచి చదువుకొనుడని చెప్పి యూరకుండలేదు. రాజూకులను నధికారులకు చెప్పవలయును, వారు భేరి వేయించి జనపదమునకు చెప్పవలయును, ఏనుగులెక్కువారికి, లేఖకులకు, గుఱ్ఱములకు శిక్షణమిచ్చువారికి, బ్రాహ్మణ గురువులకు చెప్పవలయును, వారు తమ తమ శిష్యులకు నేర్పవలయును అని తన మార్గమును తానే చెప్పుకొన్నది. కళింగమున ధౌలి, జౌగడలయందలి ప్రత్యేక శాసనములు ఇంకను ముందునకు బోయినవి. తిష్యా నక్షత్రపు దినములందు వానిని చదివి వినిపింపవలయును. నడుమ దినములందును, వినువాడు ఒక్కడే యైనను, వినిపింపవలయును. ఇరువదిరెండు శతాబ్దముల క్రిందట, రాతిమీద చెక్కించిన చక్రవర్తి, ఒక్క మనుష్యుని కొఱకైనను ఆ పాఠమును నోటితో చదువుమని యధికారులను శాసించెను. మా గ్రూపువారు ‘చూసుకోండి’ యని వ్రాయుటకు పట్టిన కాలములో ‘ఆఱింటికండీ’ యని వ్రాయవచ్చును.

కర్ణాటకమునందలి బ్రహ్మగిరి శాసనము చివర చపడుడను లిపికారుడు తన పేరును చెక్కుకొన్నాడు. చక్రవర్తి మాటక్రింద చేవ్రాలు పెట్టుట కొక లేఖకుడు వెనుదీయలేదు. ఇరువదిమూడు నియమముల క్రింద పేరు పెట్టుటకు మనవారికి సంకోచమేల?

ఎదురుమాట యొకటి వినబడుచున్నది. “ఎంత బాగుగా వ్రాసినను జనులు చూడరు, నాలుగు దినములైన పిమ్మట గోడలో గోడయగును” అందురు. ఇది నిజమే. అమెరికాయందలి రైస్ విశ్వవిద్యాలయమున 1998లో ఇద్దఱు పరిశోధకులు, వెబ్బు పుటలో మిక్కిలి కొట్టవచ్చినట్లు పెద్దగా నిలిపిన పట్టీలనే వెదకువారు తఱచుగా చూడక దాటిపోవుచున్నారని పరీక్షించి చూపిరి. దానికి ‘పట్టీయంధత్వము’ అను నర్థముగల పేరు పెట్టిరి. ఎప్పుడును కదలని దానిని కన్ను వస్తువుగా గాక గోడగా లెక్కించును. మన యిండ్ల గోడలకు వ్రేలాడు నిరుటి క్యాలెండరునే యెవరు చూచుచున్నారు? ఇది యెఱిగియే కాబోలు, 2013లో వెలువడిన డిస్కోర్సు అను వేదికలో, చదువరి పిన్ను చేసిన విషయమును తుదివఱకు చదివినతోడనే అతని మట్టుకు అది తలమీదినుండి దిగిపోవు నేర్పాటు చేసిరి. క్రొత్తవానికి మాత్రము మరల పైననే కనబడును. వాట్సాపున ప్రకటనకు ఆయువు ముందే నిర్ణయింపబడును: ఇరువదినాలుగు గంటలు, ఏడు దినములు, లేదా ముప్పది దినములు. కొందఱు ఇది లోపమందురు. మేమది యా సాధనమునందలి వివేకమందుము. యూజ్‌నెట్టు లేమిచేత చేయించిన పనిని ఇది గడువుచేత చేయించుచున్నది.

గడువు లేని ప్రకటన చేయు కీడు నీటి వేళతో పోవు నదైనచో మేమింత వ్రాయము. 2021 ఏప్రిల్, మే నెలలు చదువరులకు జ్ఞాపకముండును. కరోనా రెండవమాఱు విజృంభించినపుడు ప్రాణవాయువు సిలిండర్లు ఎచ్చట దొరకునో, ఏ యాసుపత్రియందు మంచము ఖాళీగానున్నదో తెలుపు పట్టికలు గ్రూపుగ్రూపునను తలమీద నిలుపబడియుండెను. నిలిపినవారు దొడ్డమనసుతో నిలిపిరి. ఒక రాత్రి మా బంధువు కొఱకు మేమట్టి యొక పట్టికను పట్టుకొని కూర్చుంటిమి. అందు పందొమ్మిది సంఖ్యలు గలవు. కొన్ని మ్రోగలేదు. కొన్నింటివారు సరకు మూడు దినముల క్రిందటనే తీఱిపోయినదనిరి. ఒకాయన, పాపము, తనకును సిలిండర్లకును సంబంధమే లేదనియు, ఎవ్వరో తన సంఖ్యను తప్పుగా వ్రాసిరనియు, వారము నుండి నిద్రలేదనియు, అయినను మా రోగి యెట్లున్నాడనియు నడిగెను. రెండు గంటలు గడచెను. అప్పుడొక యెఱిగినవారు వేఱొక గ్రూపులోని పట్టికను పంపిరి. అందు ప్రతి సంఖ్య యెదుటను, స్వచ్ఛంద సేవకులెవ్వరో ఫోను చేసి విచారించిన గంటయు నిమిషమును వ్రాసియుండెను. సరకు తీఱినవానిపై గీత గీసియుండెను. మూడవ సంఖ్యకు సిలిండరు దొరకినది. మా బంధువు బ్రతికెను. రెండు పట్టికలును సదుద్దేశముతో వ్రాసినవే. రెంటికిని భేదము ఒక్క గంటయు నిమిషమును మాత్రమే. ఆ రాత్రి మొదటి పట్టికను పట్టుకొని తెల్లవాఱువఱకు కూర్చున్నవారు ఎందఱుండిరో!

తలమీద నిలిపిన మాటకు లేని గౌరవము వచ్చును, అదియే దీనికి కారణము. నడుమ నెచ్చటనో యుండిన మాటను మనము అనుమానించుదుము, నలుగురినడిగి చూతుము. పైన నిలిచినదానిని అడుగము. వేదికను నడపువారే నిలిపిరిగదా యని విశ్వసింతుము. కొన్ని స్త్రీల గ్రూపులలో మందుచిట్కాలు నెలలతరబడి యట్లు నిలిచియుండుటయు, వైద్యునికడకు పోవలసినవారు పోకుండుటయు మేమెఱుగుదుము. చర్చకని పెట్టిన వేదికయందు ఒక పక్షపు వాదమునే తలమీద నిలిపిన, రెండవ పక్షమువాడు నోరు తెఱవకమున్నే తీర్పు వచ్చినట్లగును. సూది చిన్నది, అది చేతనున్నవానికి దాని బరువు తెలియదు.

మేము అడ్మినుగారితో కూర్చుండి యా ప్రకటనను మార్పించితిమి. ఏ భాషలో వ్రాయవలయునని కొంత చర్చ జరిగినది. మేమీ వ్యాసమును వ్రాయు భాషలో వ్రాసియుంటిమేని ఆ వృద్ధురాలు మరల మేడమీదికే పోయియుండును. కావున నిట్లు కుదిరినది: “మంచినీళ్లు రోజూ పొద్దున 6 నుంచి 7 దాకా. ఆదివారం రావు. మోటారు చెడితే ఇక్కడే చెబుతాం. ఏదైనా తెలియకపోతే అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనరు.” క్రింద అడ్మినుగారి పేరు, ఇంటి సంఖ్య, మే 3 అని దినము. అంతియే. తక్కిన నియమములు గ్రూపు వివరణ యను లోపలిగదికి పంపబడినవి. వానిలో సగము కొట్టివేయుదమని మేమంటిమి. అడ్మినుగారు ఆఱింటికి సమ్మతించిరి. వంకాయకూర గిన్నె నియమమును మాత్రము ఎంత చెప్పినను వదలలేదు. గిన్నె వారిదేయని తరువాత తెలిసినది.

క్రొత్త ప్రకటనను ముప్పది దినముల గడువుతో నిలిపితిమి. గడువు తీఱగనే యది తనంతట తాను రాలిపోయెను. రెండు దినములు మాలో నెవ్వరమును గమనింపలేదు. మూడవనాటి ఉదయమున గ్రూపులో తెలుగక్షరములతో నొక మాట వచ్చెను: “పైన ఉండే నీళ్ల కాగితం కనపడటం లేదు. ఎవరు తీశారు?” అడ్మినుగారు వేళలను మరల విచారించిరి. ఆదివారము నీళ్లు వచ్చుట మొదలై అప్పటికి వారము దాటినది. ఆ మాటను దిద్ది, దినమును మార్చి, మరల నిలిపిరి.